డిస్కుల బేరం

అటక మీంచి డీవీడీల పెట్టె దిగగానే ఇంటాయన మనసులో లెక్కలు మొదలవుతాయి. ఒక్కోటి వంద రూపాయలైనా పలకదా!

పలకదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ అనే కంపెనీ కొత్త సినిమా డీవీడీనే 34 రూపాయలకు, వీసీడీని 28కే అమ్మేసింది. 2018లో ఆ కంపెనీయే దివాలా తీసి లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇక మిగిలింది తూకం. సీడీ బరువు సుమారు 15 గ్రాములు. కిలో తూగాలంటే అరవైకి పైగా కావాలి. పాత సామాన్ల బండతను డిస్కులు పక్కకు నెట్టి, ‘ప్లేయరుందా సార్?’ అంటాడు. (అందులో కాస్త రాగి ఉంటుంది మరి!)

అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29న ఆఖరి అద్దె డిస్కులు పోస్టు చేసి, వాటిని మీరే ఉంచేసుకోండి అంది. దానమా, వదిలించుకోవడమా?

పోనీ, డిస్కులమ్మి సినిమాను ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే? దక్కేది లైసెన్సే. ఆ ముక్క స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనకూడదని కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేసింది. 2025 జనవరి నుంచి అమల్లో ఉంది.

అందుకే పాత డిస్కులు వెతికి కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. కాకపోతే వాళ్లకు కావలసింది కవరు చెదరని ఒరిజినల్స్. ఇంటాయన పెట్టెలో సగం మార్కరుతో పేర్లు రాసిన కాపీలు, మిగతా సగం బాబాయిగారి పెళ్లి.