వానవార్తకు టీకా తాత్పర్యం

మూలం (వచనం): “ప్రస్తుతం ఇక్కడ మనం చూసుకున్నట్లయితే, భారీ ఎత్తున వర్షం అనేది కురుస్తున్నటువంటి పరిస్థితి అయితే కనిపిస్తా ఉంది.”

అవతారిక: ఏసీ స్టూడియోలో కూర్చున్న యాంకరమ్మ “అక్కడి పరిస్థితి ఎలా ఉంది?” అని అడుగగా, మోకాటిలోతు నీళ్లలో ఒక చేత గొడుగు, ఒక చేత మైకు ధరించిన టీవీ రిపోర్టరు, ప్రశ్న చెవికి చేరేదాకా తల పంకించి, ఇట్లనియె.

ప్రతిపదార్థం: ప్రస్తుతం = ఇప్పుడు; ఇక్కడ = నేను తడుస్తున్న చోట; మనం = నేనొక్కణ్నే; చూసుకున్నట్లయితే = చూస్తే; భారీ ఎత్తున = పెద్దగా; వర్షం = వాన; అనేది = (అర్థం దొరకలేదు); కురుస్తున్న = పడుతున్న; అటువంటి = (ఎటువంటిదో కవి చెప్పలేదు); పరిస్థితి = పై వానే; అయితే = (అనేది చూడుడు); కనిపిస్తా ఉంది = ఉంది.

తాత్పర్యం: వాన పడుతోంది.

విశేషాలు: ‘చూసుకున్నట్లయితే’ చేదర్థకమని బాలవ్యాకరణం (1858) తిరగేసినవారికి తెలుసు. మనం చూసుకోకపోతే వాన లేదని ధ్వని. అద్వైతులకు అభ్యంతరం ఉండదు. పైగా క్రియాఫలం కర్తకే దక్కేటప్పుడు ‘కొను’ చేరాలి: వండుకోవడం, తల దువ్వుకోవడం. వంటల వీడియోల్లో “ఇప్పుడు మనం ఉప్పు వేసుకుందాం” అంటే, పోనీ, తినేది వాళ్లే కదా అని ఊరుకోవచ్చు. వానను చూసుకుంటే ఎవరికేం దక్కుతుంది?

‘అనేది’ ఉనికి తేలని వస్తువుకు తగిలించే మాట. దయ్యం అనేది ఉందా, అంతరాత్మ అనేది ఉందా అని అడుగుతాం. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయినవాడికి వాన ఉందా అనే సందేహమేల? ‘అటువంటి’ పోలిక చెప్పే మాట. వర్ణ్యం ఉంది, దేనితో పోల్చాడో లేదు. లుప్తోపమ అని సరిపెట్టబోతే మా ఆలంకారికులు ఒప్పుకోరు, నేనూ బలవంతపెట్టను.

ఇక ‘అయితే’. సంస్కృతంలో తు, హి, చ, వై వంటి పొట్టి అవ్యయాలకు అమరకోశం పాదపూరణమనే ఉద్యోగం ఇచ్చింది. అక్కడ గణం తగ్గితే పూరించాలి. ఇక్కడ ఛందస్సు లేదుగాని వ్యవధి ఉంది. రిపోర్టరు చేతికిచ్చిన వార్త ఒకటే, నింపమన్నవి రెండు నిమిషాలు. రెండు మాటల సంగతి 13 మాటలకు సాగింది అందుకే. దీన్ని అధికపదత్వ దోషమనడం న్యాయమేగాని, దోషం కవి ఒక్కడిదే కాదు, కార్యక్రమం వేసినవాళ్లది కూడా.

పూర్వపక్షం: ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాయలు మాత్రం వానను తెగ సాగదీయలేదా? సమాధానం: సాగదీశాడు, కాని పద్యానికో కొత్త సంగతి పెట్టాడు. తడికట్టెలు రాజుకోక వంటింట్లో ఇల్లాలు పడే అవస్థ కూడా ఆ రాజుకు తెలుసు. మనవాడి వెనకే ఒకాయన స్కూటరు తోసుకుంటూ, ఒకావిడ తలమీద చేట పెట్టుకుని పోతున్నారు. వాళ్లు కెమెరాలో పడ్డారు, మాటల్లో పడలేదు.

మెదకుసీమ కొలిచాలలో పుట్టిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ మూలం ఇచ్చి ఉంటే ఆ ప్రతిజ్ఞతో రెండు మాటలు రాసి లేచిపోయేవాడు.

అనుబంధం: అదే వానలో, అదే మైకు ముందు, మంత్రిగారి వాక్యం: “సహాయక చర్యలు చేపట్టడం జరిగింది.” నాకు ఎక్కువ చిరాకు ఇదే. రిపోర్టరు వాక్యంలో సరుకు తక్కువైనా కర్త ఉంది, వాన. ఇక్కడ చర్యలున్నాయి, చేపట్టడముంది, ఆ పైన జరగడం కూడా ఉంది, చేపట్టినవాడు లేడు. వాన కురిసినట్టే పనులూ తమంతట తామే జరిగిపోయాయి. కనుక ఎవరినీ పిలిచి ఏ వీధిలో, ఎన్ని పడవలు, ఎప్పుడు అని అడిగే వీలు లేదు. శాస్త్రంలో దీని పేరు న్యూనపదత్వం. అధికపదత్వం చెవిని విసిగిస్తుంది. ఇది జవాబుదారీని ఎగ్గొడుతుంది. చేయడం జరుగుతుంది, పరిశీలించడం జరుగుతుంది, నివేదిక తెప్పించుకోవడం జరుగుతుంది అని ఎన్నయినా అల్లుకోవచ్చు.

“ఎవరు చేపట్టారండీ?” అని అడగవలసిన రిపోర్టరు మైకు తనవైపు తిప్పుకుని, “సహాయక చర్యలు చేపట్టడం జరిగిందని మంత్రిగారు చెప్పడం అనేది జరిగింది, ఓవర్ టు స్టూడియో” అన్నాడు.