పావు కడుపు కాపురం

మన ఇళ్ళలో ఆకలి తినేవాడిదే గానీ కొలత మాత్రం వడ్డించేవాళ్ళది. "చాలు" అన్నవాడికి ఇంకో గరిటె పడుతుంది. "వద్దు" అన్నవాడు మొహమాటపడుతున్నాడని రెండు గరిటెలు పడతాయి. కంచం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి సాంబారు పడుతుంది. ఈ మర్యాదల మధ్య పెరిగి, తూకం మిషను మీద మూడంకెలు దాటి, షుగరూ బీపీ కూడా సంపాదించుకుని, చివరికి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. స్లీవ్ అంటారు. పొట్టలో ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సంచి. మొదట్లో నూరో, నూటయాభయ్యో మిల్లీలీటర్లు పడుతుంది. మా ఇంట్లో కాఫీ గ్లాసు దానికన్నా పెద్దది.

సర్జన్ గారు నా పొట్టకి చెయ్యవలసిందంతా చేశారు. మా పెద్దక్కకి మాత్రం ఏ ఆపరేషనూ చెయ్యలేదు.

అక్కది మండపేట. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాలు పెట్టి పేపర్లకెక్కే జిల్లాల మనిషి. నన్ను చూడ్డానికి సున్నుండల డబ్బాతో దిగింది.

"పొట్ట కోశారక్కా" అన్నాను.

"అందుకే గదరా! కోసింది పూడాలంటే తినాలి" అంది. నా దగ్గర జవాబు లేదు.

మొదట్లో అన్నీ తేటలే. చారు మీది తేట, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు. అదీ గటగటా కాదు, దగ్గుమందు సీసా మీదుండే కొలత మూతతో, గుక్క తర్వాత గుక్క. రోజుకి లీటరున్నర తాగాలంటారు. తాగడం ఒక పూర్తికాలం ఉద్యోగమైపోతుంది, సెలవు కూడా ఉండదు. ఆ మూతలో చారు తేట పోసుకుని దాని ముందు బాసింపట్టు వేసుకు కూచున్న నన్ను చూసి అక్క కళ్ళొత్తుకుంది. "నీకు ఉగ్గు పోసింది నేనేరా. ఆ ఉగ్గుగిన్నె కూడా ఇంతకంటే పెద్దదే" అంది.

తర్వాత మిక్సీ పర్వం. మెత్తగా రుబ్బిందే తినాలి. ఇక్కడ మన వంట మన పరువు నిలబెట్టింది. పెసరకట్టు ఈ ఆపరేషన్ కోసమే కనిపెట్టారా అన్నట్టుంటుంది. కోడికూర సంగతి మాత్రం అడక్కండి. దాన్ని మిక్సీలో తిప్పగా వచ్చిన పదార్థాన్ని ఒక్కసారి చూస్తే ఎంతటివాడికైనా శాకాహారం మీద గౌరవం పుడుతుంది.

అసలు గొడవ గట్టి తిండి దాకా వచ్చాక మొదలైంది. ఆసుపత్రి డైటీషియన్ మా అమ్మాయి ఈడు పిల్ల. "అంకుల్, ముందు ప్రోటీన్. రోజుకి కనీసం 60 గ్రాములు. తర్వాత కూర. చోటు మిగిలితే అప్పుడు అన్నం. తినేటప్పుడు నీళ్ళొద్దు, తిన్నాక అరగంట ఆగి తాగండి" అంది. మన భోజనాన్ని తలకిందులుగా వేలాడదీసింది. పప్పూ కూరా అన్నంలోకి గానీ, అన్నం వాటిలోకి ఏమిటి? మంచినీళ్ళ గ్లాసు పెట్టకుండా విస్తరి ఎలా వేస్తారు? పైగా మన వరసలో తింటే నాకు పప్పన్నం దగ్గరే హౌస్‌ఫుల్. కూర గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పెరుగు మొహం మళ్ళీ జన్మలో చూడను.

అందుకని బాగా ఆలోచించి పెరుగుతో మొదలుపెట్టాను. పెరుగులో ప్రోటీన్ ఉంది, మెత్తగా దిగుతుంది, డైటీషియన్ కూడా మెచ్చుకుంది. అక్క మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొట్టమొదట పెరుగు వేసుకునేవాణ్ణి తన ఇన్నేళ్ళ వడ్డనలో చూడలేదట. "పెరుగు వేసుకున్నాడంటే లేస్తున్నాడని గదరా అర్థం! ఇంక పప్పెప్పుడు వెయ్యను?" అంది. పెరుగుతో మొదలైన భోజనం ఎక్కడ ముగుస్తుందో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇంకో చిక్కు ఉంది. పొట్ట నిండిందని కొందరికి ఎక్కిళ్ళు చెబుతాయి, కొందరికి తుమ్ములు. నాకు ముక్కు. నాలుగో ముద్దకి ఇటూ అటూగా కారడం మొదలవుతుంది. ఇంక ఒక్క మెతుకు కూడా లోపలికి వెళ్ళకూడదని దానర్థం. ఆ సంకేతం నాకు అందేలోగా అక్కకి అందుతుంది. "జలుబు చేసిందిరా నీకు" అంటూ వేడి వేడి మిరియాల చారు కంచంలో పోసేస్తుంది. అది ఆపమన్న సిగ్నలని బతిమాలి చెప్పాను. "ముక్కు కారితే జలుబు కాకపోతే కడుపు నిండడమా? ఎవరికి చెబుతావు?" అంది. నిజమే, విన్నవాళ్ళెవరూ నమ్మలేదు.

ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనేనట. ఆకలి తగ్గిన మాట వాస్తవం. నాలుకని మాత్రం ఎవరూ కొయ్యలేదు. పక్కింట్లో ఇంగువ తిరగమోత పడితే ఇక్కడ నోరూరుతుంది. నోరు పాతదే, గోదాము కొత్తది.

ఒకరోజు ధైర్యం చేసి మెస్‌కి వెళ్ళాను. అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఈ ఆపరేషన్ అయినవాళ్ళకి ఒక కార్డు ఇస్తాయి, హోటల్లో చూపించి చిన్న వడ్డన అడగొచ్చు. మన మెస్‌లో చూపించడానికి నా దగ్గర నా మొహమే ఉంది. ఫుల్ మీల్స్ టోకెన్ తీసుకుని, కాస్త పప్పూ రెండు చెంచాల పెరుగూ తిని చెయ్యి కడుక్కోబోతే వడ్డించే కుర్రాడు కంగారుపడ్డాడు. "బాగోలేదా సార్? గోంగూర తెమ్మంటారా?" అన్నాడు. పక్క బల్ల మీద మూడోసారి అన్నం పెట్టించుకుంటున్నాయన నా వంక జాలిగా చూశాడు. ఆ జాలి చూపు ఒకప్పుడు నేను ఇతరుల వంక చూసిందే. డబ్బులు దండగ అవుతాయని మిగిలింది పార్సిల్ కట్టించాను. ఇంట్లో ముగ్గురు తిన్నారు.

విటమిన్ మాత్రలు జీవితాంతం తప్పవు. కొన్ని నెలలకి జుట్టు రాలడం మొదలైంది, మళ్ళీ వస్తుందంటున్నారు. నాకు ఆపరేషన్‌కి ముందే పెద్దగా లేదు గనక ఆ విషయంలో నష్టపరిహారం అడగను.

వచ్చే మాఘంలో అక్క మనవరాలి పెళ్ళి. వెళ్ళక తప్పదు, పైగా బంతిభోజనాలు. వడ్డనకి వచ్చే బాబులకీ, మీ ఇంటికి నాలాంటివాడు భోజనానికొస్తే మీకూ ఒక్కటే మనవి. ముందుగా పెరుగు వేసేయండి, ఆశ్చర్యపోకండి. ముక్కు తుడుచుకుంటుంటే ఆగిపోండి, చారు పొయ్యకండి. తీపి గబగబా దిగితే మాలాంటివాళ్ళలో కొందరికి గుండెదడ వచ్చి చెమటలు పడతాయి, కాబట్టి బూరె వెయ్యకండి. మనసొప్పక వేశారే అనుకోండి, కనీసం దానికి చిల్లు పొడిచి నెయ్యి పొయ్యకండి.