గుండెపోటు వేళ వినకూడని సలహాలు

ఇంట్లో ఎవరూ లేనప్పుడు గుండె పట్టేస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లకు మన చుట్టూ కొదవ లేదు. వాళ్లు చెప్పేదంతా మన మంచి కోరే చెబుతారు. అయినా కింది సలహాలు పాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

1. "గ్యాస్ పట్టేసి ఉంటుంది, ఈనో తాగి పడుకో."
గుండెపోటు కూడా అచ్చం గ్యాస్ లాగే మొదలవ్వచ్చు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఉండి, అది దవడకో, భుజానికో, వీపుకో, చేతికో పాకినా, చల్లటి చెమటలు పట్టినా, ఆయాసం, వాంతి వచ్చినా గుండెనే అనుమానించాలి. సోడా తాగి తేన్పు వచ్చిందని ధీమా పడకండి.

2. "గుండెపోటైతే విలవిల్లాడిపోతారు, నీకేం కాలేదు."
సినిమాల్లోలా గుండె పట్టుకుని కూలిపోయేవాళ్లు కొందరే. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు నొప్పే తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో చాలామందికి ఛాతీ నొప్పితో పాటు విపరీతమైన నీరసం, వికారం, వీపు నొప్పి కూడా ఉంటాయి. ఒక్కోసారి అవే పైకి కనిపిస్తాయి.

3. "గట్టిగా దగ్గుతూ ఉండు, గుండె ఆడుతుంది."
1999 నుంచి ఈమెయిళ్లలో, తర్వాత వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇది. అమెరికాలోని రోచెస్టర్ జనరల్ హాస్పిటల్ పేరు పెట్టి పంపారు, ఆ ఆసుపత్రి తమకు సంబంధం లేదంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా దీన్ని సమర్థించలేదు. గుండెపోటులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడుతుంది, దగ్గితే ఆ గడ్డ కరగదు. గుండె ఆగిపోయిన మనిషికి కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది, ఇక దగ్గేదెవరు? ఆసుపత్రిలో మానిటర్ పెట్టి, డాక్టర్ పక్కన నిలబడి దగ్గించే సందర్భం వేరు.

4. "పక్కింటాయన గుండె మాత్ర సార్బిట్రేట్ ఉంది, నాలుక కింద పెట్టుకో."
బీపీ తక్కువగా ఉన్నవాళ్లకు, వయాగ్రా లాంటి మందులు వాడినవాళ్లకు ఇది బీపీని ప్రమాదకరంగా పడగొడుతుంది. మీ డాక్టర్ మీకే రాసి ఇచ్చి ఉంటేనే, చెప్పిన పద్ధతిలో వాడండి. ఆస్పిరిన్ సంగతి వేరు: 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగితే మేలు చేస్తుంది. అయితే ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండు లేదా రక్తస్రావం ఉన్నవాళ్లు, మెదడులో రక్తస్రావం అయినవాళ్లు తీసుకోకూడదు. ముందు 108కి ఫోన్ చేసి, వాళ్లను అడిగాకే వేసుకోండి.

5. "బండి తీసుకుని నువ్వే వెళ్లిపో, అంబులెన్స్ వచ్చేదెప్పుడు?"
దారిలో స్పృహ తప్పితే మీతో పాటు ఎదురొచ్చేవాళ్ల ప్రాణాలూ పోవచ్చు. మన రాష్ట్రాల్లో 2005 నుంచి 108 ఉంది. ఎక్కించుకున్న క్షణం నుంచే చూసుకునే మనిషి అందులో ఉంటాడు.

6. "ఈసీజీ బాగుందన్నారుగా, ఇంటికి వచ్చేయ్."
మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా గుండెపోటు కావచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమనండి, ట్రోపోనిన్ రక్తపరీక్ష అడగండి. గడ్డ కరిగించే ఇంజక్షన్ అయినా, యాంజియోప్లాస్టీ అయినా, ఎంత ముందు అందితే గుండె కండరం అంత మిగులుతుంది.

ఈ ఆరింటిలోనూ ఒకటే లోపం ఉంది. ఇవన్నీ మిమ్మల్ని ఇంకాసేపు ఒంటరిగానే ఉంచుతాయి. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని. ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108కి చెప్పండి. తలుపు గడియ తీయండి. పక్కింటివాళ్లను కేకేయండి. మెట్లు ఎక్కొద్దు, దిగొద్దు. స్నానానికి, బాత్రూమ్‌కి వెళ్లి గడియ పెట్టుకోవద్దు. గోడకు ఆనుకుని, మోకాళ్లు మడిచి నేల మీద కూర్చోండి.

ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు ఈ రోజే ఫోన్ చేయండి. 108తో పాటు పక్కింటివాళ్ల నంబరు, వాడే మందుల పేర్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించి తలుపు వెనక అంటించమనండి. అనుమానం వస్తే ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఊరుకోవద్దని గట్టిగా చెప్పండి. చివరికి గ్యాసే అని తేలితే, అందరూ సంతోషంగా ఇంటికి వస్తారు.