ఎర్రనేల మీద గాజు చర్మం

చర్మం నాలుగు రకాలు: పొడి, జిడ్డు, మిశ్రమ, సాధారణ. చర్మాన్ని రకాలుగా విడగొట్టి, రకానికో క్రీము అమ్మే పద్ధతిని వందేళ్ల కిందటే ప్రచారంలోకి తెచ్చిన వ్యాపారి హెలీనా రూబిన్‌స్టైన్. అది చాలదని అమెరికా డాక్టరు లెస్లీ బౌమన్ రకాలను పదహారు చేసింది. అనంతపురానికి అన్ని అక్కర్లేదు. ఇక్కడ రెండే రకాలు: నీడపట్టున ఉండేది, ఎండలో పనిచేసేది.

రకం తేల్చే పరీక్ష సులువు. మొహం కడిగి, ఏమీ రాయకుండా అరగంట ఆగాలి. బిగదీస్తే పొడి, మెరిస్తే జిడ్డు, నుదురూ ముక్కూ మాత్రమే మెరిస్తే మిశ్రమం. ఈ పరీక్ష ఏప్రిల్‌లో పెడితే జిల్లా అంతా పొడి చర్మమే అవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, బోరు ఉప్పునీళ్లు, వడగాలి. వీటి మధ్య చర్మం పైపొరలో తేమ నిలవదు. రెవెన్యూ శాఖ కరువు మండలం అని ప్రకటించేదాన్ని బ్యూటీ పార్లర్ చర్మతత్వం అని ప్రకటిస్తుంది.

ఇప్పుడు కొరియా నుంచి ఐదో రకం దిగింది: గాజులా మెరిసే గాజు చర్మం. కొరియావాళ్లు ముందు పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ పెట్టారు. 2019లో కార్లు బయటికొచ్చాయి, ఇప్పుడు మొహాల వంతు. దీనికి పది మెట్లు: నూనెతో కడగడం, నురుగుతో మళ్లీ కడగడం, మృతకణాలు రుద్దడం, టోనర్, ఎసెన్స్, సీరం, షీట్ మాస్కు, కంటి క్రీము, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లో మొదటి రెండు మెట్లకే పంచాయితీ అవుతుంది.

సీరంలో ముఖ్యమైనది హైలురానిక్ ఆమ్లం. నీటిని పట్టి ఉంచడం దాని పని. పైన మూతలా మరో పూత లేకపోతే, గాలిలో తేమ లేనిచోట అది చర్మం లోపలి తేమనే పైకి లాగగలదు. ఆ తేమ అక్కడి నుంచి ఎండకు పోతుంది. పైన వాన లేనప్పుడు అడుగు నుంచి లాగడం అనంతపురానికి తెలిసిన విద్యే. వెయ్యడుగుల బోర్లు ఎండిపోయాక దాని ఫలితమూ తెలుసు.

షీట్ మాస్కు కింద ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. శనక్కాయ చెట్టు పీకే రోజుల్లో అంత తీరిక గల రైతు ఇంకా పుట్టలేదు. పది మెట్లూ ఎక్కి వాకిట్లోకి వస్తే, జిగురు మీద ఎర్రదుమ్ము అట్టలు కడుతుంది. పదకొండో మెట్టు ఏమిటో ఎవరూ చెప్పరు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తెల్లబడటానికని మందుల షాపులో చేతికిచ్చే ట్యూబు దగ్గర నవ్వు ఆగిపోతుంది. అందులో బెటామెథసోన్ లాంటి స్టిరాయిడ్ ఉంటే మొహం వారాల్లో తెల్లబడినట్టు కనిపిస్తుంది. నెలలు గడిస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలూ అవాంఛిత రోమాలూ వస్తాయి. ఆపితే మంట. 2018లో కేంద్రం పద్నాలుగు స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలో చేర్చింది. అయినా చీటీ లేకుండా ట్యూబు అమ్మేవాడు వ్యాపారి కాదు, నేరస్థుడు. పెళ్లిచూపుల్లో రంగు అడిగి ఆడపిల్లను ఆ షాపుకు పంపేవాళ్లు ఆ నేరంలో భాగస్వాములు.

రంగు గొడవ డాక్టర్ల లెక్కల్లోనూ ఉంది. చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి విభజించింది అమెరికా చర్మ వైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్, 1975లో. ఆయన మొదట లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్లనే. చామనఛాయ, నలుపు తర్వాత చేరాయి. అదే 1975లో తెల్లబరుస్తానన్న క్రీము ఫెయిర్ అండ్ లవ్లీ కూడా వచ్చింది. 2020లో పేరులో ఫెయిర్ పోయి గ్లో చేరింది.

సంరక్షణ చిన్నది. సబ్బు తక్కువ వాడాలి. స్నానం చేసిన వెంటనే, ఒళ్లు తడిగా ఉండగానే, కొబ్బరినూనో పెట్రోలియం జెల్లీయో రాసుకోవాలి. జిడ్డు మొహానికి మాత్రం నూనె వద్దు. ఎండకు గొడుగు, నిండుచేతుల చొక్కా కావాలి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడిగి, తలకు తువ్వాలు చుట్టుకునే కూలీ మహిళకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. మంగు మచ్చ వచ్చినా, ట్యూబు అలవాటైనా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. తెల్లగా చేస్తానని చెప్పే ట్యూబు ఏ రకం చర్మానికీ వద్దు.