కఫీల్ గారి పుస్తకాభిమానం

ఒబామా గారి 2024 జాబితా వచ్చేసింది. ఏటా డిసెంబరులో వచ్చేదే. ఆ ఏడాది తనకు నచ్చిన పుస్తకాలు, పాటలు, సినిమాలు. పది సినిమాల్లో మొదటి పేరు మన పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ కావడంతో ఢిల్లీ నుంచి తిరువనంతపురం దాకా అందరూ తామే తీసినంత సంబరపడ్డారు. పడొచ్చు. ముంబైలో బతుకు లాక్కొచ్చే మలయాళీ నర్సుల కథ అది. జర్మనీలో తయారైన రైస్ కుక్కర్ ఒకటి ఉత్తరం ముక్కైనా లేకుండా వచ్చి వాళ్లలో ఒకామె గుమ్మంలో దిగుతుంది. పంపింది అక్కడున్న మొగుడే అయుంటాడని ఆమె అనుకోవాలి.

నాకు చిర్రెత్తించింది ఒబామా కాదు. ఆ జాబితా చూసి ఊపొచ్చిన మా తెలుగు పెద్దమనిషి ఒకాయన. కువైట్ వాట్సాప్ గ్రూపులో పిలుపిచ్చాడు: “మనమేం తక్కువ? ప్రతి ఒక్కరూ ఈ ఏడాది మీకు నచ్చిన ఒక పుస్తకం, ఒక పాట, ఒక సినిమా రాసి పంపండి. సావనీరులో వేస్తాం.”

ప్రతి ఒక్కరూ అన్నాడు కదా. నేనుండేది అబూ హలీఫాలో. మా బిల్డింగులో ఒక గదికి ఆరుగురు. ఎదురు వరసంతా విల్లాలు. విల్లాకొక వంటమనిషి, ఒక డ్రైవరు. వాళ్లలో సగం మంది రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల వాళ్లు. అందరినీ అడిగి, బకాలా (కిరాణా కొట్టు) ముందు పెప్సీ పెట్టెలు బోర్లేసుకుని జ్యూరీ కూర్చున్నాం. మా నివేదిక ఇదిగో.

ఉత్తమ గ్రంథం: పాస్‌పోర్టు. ఏకగ్రీవం. ముదురు నీలం అట్ట, 36 పేజీలు, భారత ప్రభుత్వ ప్రచురణ. లోపల రచయిత్రి బొమ్మ, తల్లిదండ్రుల పేర్లు. ముందుమాట సాక్షాత్తూ రాష్ట్రపతి పేరు మీద: ఈ మనిషిని అడ్డగించకండి, అవసరపడితే ఆదుకోండి అని. కరుణరసం ఆ ఒక్క పేజీలోనే పొంగి పొర్లుతుంది. పదో తరగతి గట్టెక్కని వాళ్ల ప్రతిలో ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) అని అదనంగా ఒక ముద్ర ఉంటుంది. చదివేవాడి చదువెంతో పుస్తకమే చెప్పడం ప్రపంచ సాహిత్యంలో అరుదు. ఇక కల్పన అంటారా, పుట్టినతేదీ చూడండి. ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపని వీసా మీద పంపకూడదని మన దేశపు నిబంధన. అందుకని ఏజెంటనే సహరచయిత ఒక్క రాత్రిలో ఇరవై నాలుగేళ్ల పిల్లను ముప్పై ఒకటికి చేరుస్తాడు. మార్క్వెజ్ కూడా అంత దూకుడుగా కాలాన్ని నడపలేదు.

మార్క్వెజ్ అంటే గుర్తొచ్చింది. ఆయన ‘వందేళ్ల ఏకాంతం’ ఒకప్పుడు ఇక్కడ నిషిద్ధ గ్రంథం. 2014 నుంచి 2018 దాకా ఈ దేశపు సమాచార శాఖ నాలుగు వేలకు పైగా పుస్తకాలు ఆపేసింది. గొడవ జరిగితే 2020లో చట్టాన్ని సడలించారు. ఇకనుంచి నీ ఇష్టమొచ్చిన పుస్తకం చదువుకోవచ్చక్కా అని ఎదురు విల్లా రాయచోటి అక్కకు గోడ పక్కనుంచి శుభవార్త చెప్పాను. “రోంత మెల్లగా మాట్లాడు సామీ, మామా నిద్రపోతాంది” అంది. మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు.

పోటీకి అరబ్బీ రామాయణ, భారతాలు కూడా వచ్చాయి. 2024 డిసెంబరులో మన ప్రధాని ఇక్కడికొచ్చి సంతకం పెట్టినవే. 43 ఏళ్ల తర్వాత మన ప్రధాని ఒకరు ఈ గడ్డ మీద కాలుపెట్టారు, సంతోషం. కానీ జ్యూరీలోని పాలకొల్లు డ్రైవరన్న ఒక సందేహం లేవదీశాడు: “సీతమ్మోరు లంకలో ఉన్నది ఏడాది లోపే కదండీ? ఈ అక్క ఇంటికెళ్లక ఆరేళ్లయిందండి.” రామాయణం వెనక్కిపోయింది.

అసలు పాస్‌పోర్టు గెలవడానికి కారణం దాని పాఠకుడు. కఫీల్ గారు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని. అక్క విమానం దిగిన రోజునే ముచ్చటపడి అడిగి తీసుకున్నాడు. ఆరేళ్లుగా చదువుతూనే ఉన్నాడు, ఇంకా పూర్తవలేదు. ఎవరికీ ఎరువివ్వడు. నలుగుతుందని బీరువాలో బంగారం పక్కన పెట్టి తాళం వేశాడు. పుస్తకం పట్టుకుపోయి మొహం చాటేసే మిత్రులు నాకూ ఉన్నారు గానీ, రాసిన మనిషికే తిరిగివ్వని అభిమానిని ఇక్కడే చూశాను. ఇలా ఉంచుకోకూడదని ఇంటిపనివాళ్ల కోసం కువైట్ చేసిన 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. అభిమానం చట్టానికి లొంగుతుందా?

సంగీతం దగ్గర పెద్దగా తర్జనభర్జన లేదు. ఉత్తమ గాయని మామా. మైకు లేకుండా మూడో అంతస్తు నుంచి వంటింటి దాకా ఒకే శ్రుతిలో పిలవగలదు.

ఉత్తమ చిత్రం: కూతురి పెళ్లి. ఐమో వీడియో కాల్‌లో విడుదల. ఛాయాగ్రహణం చిన్నమ్మాయి. అక్క ఫోనును టాంగ్ డబ్బాకు ఆనించి, అంట్లు తోముతూ చూసింది. జీలకర్ర బెల్లం దాకా బాగానే ఉందట. తాళి కట్టే వేళకు చిన్నమ్మాయి ఏడుపు ఆపుకోలేక ఫోను ఒళ్లో పడేసుకుంది. అక్కడి నుంచి షామియానా గుడ్డ ఒక్కటే కనిపించింది, పక్కన బాజాలు. ఆ గుడ్డనే కళ్లార్పకుండా చూశానంది అక్క. హాల్లో సినిమా ఏదైనా చూశావా అని అడిగాను. ఇక్కడి విదేశీయులు వేలిముద్రలివ్వడానికి 2024 డిసెంబరు 31 ఆఖరు తేదీ అయింది కదా, ఆ పని మీద కారెక్కించుకుపోయినప్పుడు ఫహాహీల్‌లో అల్ కౌత్ మాల్ కనిపించిందట. సినిమా హాలు అందులోనే ఉందని నేను చెప్పాక తెలిసింది. “యాడ సామీ, పండుకునేతలికి పన్నెండు దాటతాది. అయిదుకల్లా లేసి బిడ్డోల్ల టిపిన్లు కట్టాల.”

ఇక జ్యూరీ లేదు, బహుమతుల్లేవు. పెద్దమనిషిగారూ, నాకు నచ్చింది అని ఒక మనిషి అనాలంటే ముందు చూడాలి. చూడాలంటే ఒక పూట కావాలి. అదే 68వ నంబరు చట్టంలో రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదని ఉంది, వారానికో రోజు సెలవని ఉంది, ఏడాదికి నెల సెలవని ఉంది. అక్కకు ఒక్క శుక్రవారం ఇప్పించలేని మనం, ఆమె అభిరుచి అడిగి సావనీరులో అచ్చేస్తామా? సిగ్గుండక్కర్లేదా?

2024లో మనవాళ్ల పేర్లతో ఒక జాబితా ముందే వచ్చింది. జూన్ 12 తెల్లవారుజామున, మా పక్కనే మంగాఫ్‌లో. నూట తొంభై మందికి పైగా పనివాళ్లను కుక్కిన బిల్డింగు. నిప్పంటుకుంటే, నిద్రలో ఉన్నవాళ్లను పొగ చంపింది. రెండ్రోజులకు వాయుసేన విమానంలో 45 శవపేటికలు కొచ్చి చేరాయి. ముగ్గురు ఆంధ్రావాళ్లు. యజమానుల దురాశ అని ఈ దేశపు మంత్రే అన్నాడు. వాళ్లు ఏ పాట వినేవాళ్లో, ఏ సినిమా చూసేవాళ్లో ఏ గ్రూపూ అడగలేదు. ఆ జాబితాలో పేరుకెదురుగా ఊరు, జిల్లా మాత్రమే వేశారు.

సావనీరు డబ్బుతో ఒక పని చేయండి. ఆ 68వ నంబరు చట్టాన్ని జేబులో పట్టేంత పుస్తకంగా తెలుగులో అచ్చేయండి. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో వెనకట్ట మీద పెద్దక్షరాల్లో వేయండి. అబూ హలీఫా వీధుల్లో పంచే బాధ్యత మాది.