రవంత రిపేరు

పాతసామానులమ్మువారు లోకమున బహువిధములు. పాత తలుపులవాడు టేకు పేరు చెప్పి యమ్మును. పాత యిత్తడివాడు తూకము చూపి యమ్మును. పాత గ్రామఫోనులమ్ము మహానుభావుడు మాత్రము వాద్యముకంటె ముందు దానికి జరుగవలసిన చికిత్సను మన కంటగట్టును. రొద్దము బజారునందైనను, హిందూపురపు సందులందైనను ఈ జాతివానిని గుర్తించుట సులభము: పంచె చెంగున నూనె మరక, చొక్కాజేబులో ముండ్ల డబ్బీ, నోట నిరంతరము నొకటే మంత్రము: "అంతా బాగుండాది సామీ, రవంత రిపేరు, అంతే."

ఆ రవంతలో నేమేమి యిమిడియున్నవో వినుడు. స్ప్రింగు తెగినది. సౌండుబాక్సులోని యభ్రకపు రేకు పగిలినది. దాని యంచున మెత్తగా నుండవలసిన రబ్బరు రాయియైనది. వేగము నదుపుచేయు గవర్నరునకు మూడు గుండ్లుండవలసినచోట రెండే యున్నవి. కీ యిచ్చు హ్యాండిలు లేనేలేదు. దానిని సైకిలు షాపువాడు చేసియిచ్చునట, కావున నది లోపముల లెక్కలోనికే రాదు. బూర మాత్రము ధగధగ మెరయుచుండును. మెరయదా మరి! లోపలి యంత్రము 1931లో వెలువడిన హెచ్.ఎం.వి. 102వ నంబరు పెట్టెనుండి యూడదీసినది. అది చేతబట్టుకొని పోదగిన రకము, పుట్టుకతో పైకి బూర లేనిది. ఉత్తరదేశమున నెవరో నిన్నమొన్న సాగగొట్టిన యిత్తడిబూర బెంగుళూరు చోరుబజారు మీదుగా వచ్చి దానిపై కూర్చున్నది. ఈ సంగతి యాయనకు దెలియును. మనకు దెలిసినదనియు దెలియును. అయినను "కుక్కబొమ్మ చూడు సామీ, ఒరిజినలు" అనును.

ఆ కుక్కబొమ్మ కథయు విచిత్రమే. ఫ్రాన్సిస్ బరాడ్ అను ఆంగ్ల చిత్రకారుడు తొలుత కుక్క యెదుట ఫోనోగ్రాఫును వ్రాసి, 1899లో గ్రామఫోను కంపెనీవారు కొందుమనగా, దానిమీదనే రంగు పూసి గ్రామఫోనుగా దిద్దినాడు. రిపేరు ఆ కంపెనీ జాతకముననే యున్నదన్నమాట. అదృష్టవశమున నీ కథ మనవాని చెవిన బడలేదు.

ఇక వాయించి చూపుమన్నప్పుడు గదా యాయన ప్రతిభ! ఆంధ్రనాటకపితామహుడు ధర్మవరము రామకృష్ణమాచార్యులు జన్మించిన సీమ యిది. పద్యము విని యూగని తల యిచ్చట నరుదు. కావున దాచియుంచిన పెట్టె నొకదానిని వెలికిదీసి, దానిపై రాయబారపు ప్లేటు నుంచి, ముల్లు దింపును. నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసిన ప్లేటు స్ప్రింగు సడలుకొలది డెబ్బది, అరువది, యేబది యగుచుండగా, శ్రీకృష్ణుడు తారస్థాయి నెత్తుకొన్న పద్యము సగమునకు భీముని కంఠమై, రాగము ముగియునప్పటికి ఘటోత్కచుని గురకగా పరిణమించును.

"చూసినావా సామీ, ఒక్క ప్లేటుకి మూడు వేషాలు!"

ప్లేటు అలలవలె లేచిపడుచున్నదేమని యడిగితిమా, "లక్క గదా సామీ, ఎండకి వంగినాది" అనును. నిజమే, లక్కయింటినుండి యెట్లో బయటపడిన పాండవులు లక్కప్లేటులో జిక్కి రొద్దపుటెండకు మరల కాగుచున్నారు.

కొన్నవాడు కొంతకాలమునకు చంకన పెట్టెతో, కంట నిప్పులతో తిరిగివచ్చుట ఆచారము. ఆయన యతనిని అల్లునివలె నాదరించి, టీ తెప్పించి, ఉపాయము చెప్పును.

"అభ్రకం రేకు కొత్తది యాడా దొరకదు సామీ. ఇదో, ఈ పెట్టెలో ఉండాది. ఊడబెరికితే పగిలిపోతాది, పెట్టెతోనే ఎత్తుకపో."

"ఇది పాడుతుందా?"

"పాడకేమి! దీంట్లో స్ప్రింగు లేదు గానీ, నీదాంట్లో ఉండాది గదా?"

"నాది తెగిపోయింది గదయ్యా!"

ఆయన క్షణకాల మాలోచించి, తాళపుచెవుల గుత్తి చేతబట్టుకొని లేచును.

"అట్లయితే మూడోది చూద్దువు రా సామీ, లోపలుండాది."