బాల్కనీ బాబాయిగారు

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక లిఫ్టు, ఒక బోరు, ఒక బాల్కనీ బాబాయిగారు ఉంటారు. మొదటి రెండూ అప్పుడప్పుడూ మొరాయిస్తాయి. బాబాయిగారికి మాత్రం రిటైరైన మర్నాటి నుంచి సెలవు లేదు.

గేటు దగ్గర కొత్త మనిషి ఫోను చూసుకుంటూ నిలబడితే రెక్కీ. చూసుకోకపోతే ఎవడి సైగ కోసమో కాపు కాస్తున్నట్టు. భుజాన బ్యాగుంటే అందులో ఏముందో! లేకపోతే ఉత్త చేతులతో ఇక్కడ వాడికేం పని? ఆపి అడిగినప్పుడు నీళ్లు నమిలితే దొంగ, టక్కున చెబితే ముందే ప్రిపేరై వచ్చిన దొంగ. ఈ లెక్కన నిర్దోషిగా తేలాలంటే అసలు మన వీధికి రాకుండా ఉండాలి. పాపం, మ్యాపు వెనక సందు చూపిస్తే బిర్యానీ పొట్లంతో గింగిరాలు తిరుగుతున్న కుర్రాడికి ఇదంతా తెలియదు.

వాచ్‌మన్ చూసింది ఒక్కణ్ణి. పాలప్యాకెట్ల వేళకి ఇద్దరయ్యారు. లిఫ్టు దగ్గరికొచ్చేసరికి ఒకడి చేతికి సంచీ వచ్చింది. సాయంత్రం గుడి అరుగు మీద ఆ సంచీలో మత్తుమందు స్ప్రే చేరింది. సంచీని కళ్లారా చూసినవాళ్లు లేరు, స్ప్రే సంగతి తెలియనివాళ్లూ లేరు.

పిన్నిగారిది వేరే దారి. "చూసిందెవరు? ఎంత దూరం నుంచి? అతను చేసిందేమిటో, మీరు ఊహించుకున్నదేమిటో విడివిడిగా చెప్పండి," అంటారు చిక్కుడుకాయలు ఒలుస్తూ. ఆవిడకి లోకజ్ఞానం లేదని బాబాయిగారి బాధ. తొంభైల్లో తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతో రాసింది ఈయనే. దయ్యం రాలేదు కాబట్టి రాత పనిచేసినట్టేనని ఇప్పటికీ వాదిస్తారు.

ఆయన ఒక్కరే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ ఊరూరా వీడియోలు తిరిగాయి. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అప్పటికి జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపి, అదంతా అబద్ధమని జనానికి పాటలతో సహా చెప్పించారు. జూలైలో వాట్సాప్ వాళ్లు మన దేశంలో ఒక మెసేజీని ఒక్కసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. ఈ కట్టడి మీద బాబాయిగారికి ఇప్పటికీ కోపమే. ఐదైదుగా పంపేసరికి మధ్యాహ్నం కునుకు పోతోందట!

ఆమధ్య గోడల మీద సుద్దగుర్తులు వెలిశాయి. కొన్ని ఇళ్లకి 'పి', కొన్నిటికి 'ఎక్స్', పక్కన తేదీ. బాబాయిగారు చిటికెలో తేల్చేశారు: 'పి' అంటే పార్థీ గ్యాంగు, 'ఎక్స్' అంటే ముసలివాళ్లున్న ఇల్లు. ఫొటోలు తీసి ఐదైదుగా పంపడం మొదలెట్టారు.

"ఆదివారమే కదండీ పల్స్ పోలియో. ఇళ్లకి గుర్తులు పెట్టేది వాళ్లే," అని పిన్నిగారు అంగన్‌వాడీ టీచరుకి ఫోన్ కలిపి స్పీకరు నొక్కారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటికి 'పి', తాళం వేసి ఉన్నా, ఎవరైనా మిగిలిపోయినా 'ఎక్స్' అనీ, 'ఎక్స్' ఇళ్లకి మళ్లీ వస్తామనీ ఆ అమ్మాయి గడగడా చెప్పేసింది.

బాబాయిగారు ఫోన్ పెట్టేసేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"విన్నావా? ఒక్కచోటా తడుముకోలేదు. ఎన్నాళ్లుగా ప్రిపేరవుతున్నారో!"